హావ్‌లాక్‌లోనా, పోర్ట్ బ్లెయిర్‌లోనా? రెండు చోట్లా కాపురం చేసినదాన్నిగా నా సమాధానం

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. భార్య, ఐదేళ్ల పాప, షుగరూ బీపీ ఉన్న అమ్మగారు. జనవరిలో నాలుగు రోజులు అండమాన్ వచ్చి, రాధానగర్ బీచ్‌లో పొద్దు గుంకడం చూసి, ఉంటే ఇక్కడే ఉండాలనుకున్నారు. ఆ బీచ్ ఉన్న హావ్‌లాక్ దీవిలో ఒక ఇల్లు కూడా చూసుకున్నారు, మే నెలలో అడ్వాన్స్ ఇద్దామని ఉంది. మీ ఆవిడేమో ఉంటే అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉందామంటున్నారు. రెండిట్లో ఏది మంచిదని మీ ప్రశ్న.

మీ ఆవిడ మాట వినండి. కనీసం మొదటి రెండేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. 2002లో పెళ్లయ్యాక విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చాను. మా ఆయన పడవల ఇంజిన్లు బాగుచేస్తారు. మొదట పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్‌లో అద్దెకున్నాం. 2006 నుంచి 2012 దాకా హావ్‌లాక్‌లో ఉన్నాం, అక్కడ నేను చిన్న మెస్ నడిపాను. తర్వాత మళ్లీ పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాం. ప్రభుత్వం 2018లో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చింది. మా నోటికి పాత పేర్లే అలవాటు కాబట్టి అలాగే రాస్తున్నాను.

ముందు పడవ సంగతి. హావ్‌లాక్‌లో పొద్దున లేచి ఎవరైనా మొదట అడిగే మాట "ఈ రోజు బోటు ఉందా?" అని. మీరు జనవరిలో ఏసీ బోటులో గంటన్నరలోనో రెండు గంటల్లోనో వెళ్లి ఉంటారు. సముద్రం అద్దంలా ఉండి ఉంటుంది. అది డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా మాట. మే నెల సగం దాటాక నైరుతి రుతుపవనాలు వస్తాయి. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు, వాటితో పాటు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. మన కోస్తాకి వచ్చే తుపాన్లలో చాలా వాటి పుట్టుక ఇక్కడే, అండమాన్ సముద్రంలో. మీరు టీవీలో "అండమాన్ పరిసరాల్లో అల్పపీడనం" అని వింటారే, ఆ పరిసరాల్లో ఉండేది మేమే. ఏడాదికి ఇక్కడ దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లకు పైనే. సముద్రం పోటు మీద ఉందంటే బోట్లు ఆపేస్తారు. ఒక రోజు ఆగొచ్చు, మూడు రోజులు ఆగొచ్చు. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చినప్పుడు వెయ్యి మందికి పైగా పర్యాటకులు హావ్‌లాక్‌లో, పక్కనున్న నీల్ దీవిలో రోజుల తరబడి చిక్కుకుపోయారు, నేవీ ఓడలు, హెలికాప్టర్లు వచ్చి తీసుకొచ్చాయి. పర్యాటకులు కాబట్టి వార్తల్లో వచ్చింది. ఊళ్లో ఉండేవాళ్లకు అలాంటి రోజులు ఏటా ఉంటాయి.

బోటు ఆగితే ఏమవుతుందో ఊరికే చెప్తే అర్థం కాదు. మా అత్తగారి సంగతి చెప్తాను.

2010 జూలై. ఆవిడకు అప్పటికి అరవై రెండేళ్లు, షుగరు ఉంది. ఒకరోజు సాయంత్రం అన్నం వార్చుతూ గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చాను. అరగంటకు చెమటలు పట్టాయి. ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. డాక్టరు చిన్నవాడు, చాలా మంచివాడు, రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నాడు. చేతిలో ఉన్న మందులన్నీ వేశాడు. కానీ గుండె జబ్బుకి కావాల్సిన పరీక్షలూ వైద్యమూ అక్కడ లేవు, పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి పోవాలన్నాడు. అప్పటికే రెండు రోజులుగా బోట్లు లేవు. హెలికాప్టర్ ఉంటుంది, కానీ వాతావరణం బాగుంటేనే వస్తుంది. ఆ రాత్రి మా రేకుల కప్పు మీద వాన మోతకి పక్కనున్న మనిషి మాట వినపడలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున ప్రభుత్వ బోటు కదిలింది. అందులో పడుకోబెట్టి తీసుకెళ్లాం. మా ఆయన సెలైన్ సీసా పట్టుకుని రెండున్నర గంటలు నిలబడే ఉన్నారు.

ఆవిడ బతికారు. కానీ ఆలస్యం వల్ల గుండె కండరం కొంత దెబ్బతిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. అప్పటి నుంచి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఇందులో ఎవరి తప్పూ లేదు. మధ్యలో సముద్రం ఉంది, అంతే. అందుకే షుగరూ బీపీ ఉన్న అమ్మగారిని తీసుకొస్తున్నానని మీరు రాసిన దగ్గర నా మనసు ఆగిపోయింది. రాధానగర్ ఎంత బాగుంటుందో నాకు తెలుసు, ఆరేళ్లు చూశాను. ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం జనవరి సాయంత్రాన్ని పక్కన పెట్టి, జూలైలో బోటు ఆగిన రాత్రిని తలుచుకుని తీసుకోండి.

పోర్ట్ బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది, దానికి అనుబంధంగా మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇక్కడ కూడా అన్నీ లేవు. పెద్ద ఆపరేషన్లకు చెన్నైకో కోల్‌కతాకో పంపుతారు. కానీ విమానం ఉంది, చెన్నైకి రెండు గంటల పైచిలుకు. దీవి నుంచి దీవికి, అక్కడి నుంచి మెయిన్‌ల్యాండ్‌కి రెండు గడపలు దాటడం వేరు, ఒక్క గడప దాటడం వేరు.

పాప చదువు విషయం. హావ్‌లాక్‌లో ప్రభుత్వ పాఠశాల ఉంది, మాస్టార్లు మంచివాళ్లే. మా పెద్దాడు అక్కడే మూడో తరగతి దాకా చదివాడు. తరగతిలో అంతా బెంగాలీ పిల్లలు. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలను 1950ల్లో ప్రభుత్వం అక్కడ స్థిరపరిచింది. గోవింద్‌నగర్, విజయ్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్ అన్నీ వాళ్లు అడవి కొట్టుకుని కట్టుకున్న ఊళ్లే. మా వాడు ఏడాదిలో బెంగాలీ గలగలా మాట్లాడాడు. అది మంచిదే. కానీ పై తరగతులకు వచ్చేసరికి మంచి ట్యూషన్ కావాలన్నా, ఇంకో స్కూలు చూద్దామన్నా చోటు ఉండదు. పోర్ట్ బ్లెయిర్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంది, ప్రైవేటు సీబీఎస్ఈ స్కూళ్లు ఉన్నాయి, తర్వాత డిగ్రీకి 1967 నుంచి నడుస్తున్న జవహర్‌లాల్ నెహ్రూ కాలేజీ ఉంది. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మీడియం కూడా పెట్టారు, ఈ మాట విని మన వాళ్లు చాలామంది ఆశ్చర్యపోతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ మొత్తం జనం 3.8 లక్షలు. వాళ్లలో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మాలో చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్‌లో పొద్దున చేపల దగ్గర నిలబడితే, ఉద్దానం యాసలో బేరాలు వినిపిస్తాయి. అమ్మగారికి ఇది చిన్న విషయం కాదు. హిందీ రాని పెద్దవాళ్లు హావ్‌లాక్‌లో మాట్లాడే మనిషి లేక మూగబోతారు. మా అత్తగారు ఆరేళ్లలో పక్కింటి బెంగాలీ ముసలావిడతో సైగలతోనే స్నేహం చేశారు గానీ, పోర్ట్ బ్లెయిర్ వచ్చాక నెల రోజుల్లో ఆవిడ ముఖం మారిపోయింది. సంక్రాంతికి పిండివంటలు ఎవరెవరి ఇంటికి పంపాలో జాబితా రాసుకునేవారు.

మీ ఉద్యోగం సంగతి. ఇంటర్నెట్ ఇప్పుడు పరవాలేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది, దాని కొస హావ్‌లాక్‌కి కూడా వెళ్లింది. అంతకు ముందు అంతా శాటిలైట్ మీదే, ఒక ఫొటో పంపాలంటే టీ కాచుకుని తాగొచ్చేంత సేపు పట్టేది. ఇప్పుడు వీడియో మీటింగులు నడుస్తున్నాయి. కానీ గాలివానకి చెట్టు పడి కరెంటు పోయిందంటే నెట్ కూడా దానితో పాటే పోతుంది. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే ఆధారపడింది. పోర్ట్ బ్లెయిర్‌లో తొందరగా బాగుచేస్తారు, హావ్‌లాక్‌లో ఆలస్యమవుతుంది. ఎక్కడున్నా ఇన్వర్టరు, రెండు కంపెనీల సిమ్‌లు తప్పవు. మీ మేనేజరుకి రోజూ కనిపించాల్సిన ఉద్యోగమైతే వానాకాలంలో హావ్‌లాక్‌లో మీకు ప్రతిరోజూ టెన్షనే.

ఇంకో చిన్న మాట, ఎవరూ ముందు చెప్పరు. ఇక్కడ గడియారం మెయిన్‌ల్యాండ్‌దే గానీ సూర్యుడు కాదు. ఎండాకాలంలో ఐదు కాకముందే తెల్లవారిపోతుంది, చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి. మీ ఆఫీసు సాయంత్రం ఏడింటికి అయితే, వారమంతా మీరు వెలుతురులో సముద్రం చూడరు. తెల్లవారుజామున లేచే అలవాటు చేసుకోండి, ఇక్కడ రోజులో మంచి భాగం అదే.

పోర్ట్ బ్లెయిర్‌లో కష్టాలు లేవని నేను అనడం లేదు. అన్నిటికంటే పెద్దది నీళ్లు. ఊరికి మంచినీళ్లు ప్రధానంగా ధనిఖారి డ్యామ్ నుంచి వస్తాయి. వేసవి ముదిరితే అది అడుగంటుతుంది. రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా వదులుతారు. ఇంత వాన పడే ఊళ్లో నీళ్ల కరువేమిటని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. నేల వాలు, పడిన వాన పడినట్టే సముద్రంలోకి పోతుంది, నిలవ చేసే చోటు తక్కువ. ఇల్లు చూసేటప్పుడు గదులు తర్వాత లెక్కపెట్టండి, ముందు ట్యాంకులు లెక్కపెట్టండి. కప్పు మీద వాన నీళ్లు పట్టే గొట్టం ఉన్న ఇల్లు దొరికితే వదలకండి. ఊరంతా ఎత్తుపల్లాలు, అబర్డీన్ బజారులో సాయంత్రం ట్రాఫిక్. అడుగు తీసి అడుగేస్తే బీచ్ అనుకుంటే అదీ కాదు.

ఇంకా ముఖ్యమైనది, ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చూడండి. 2004 డిసెంబరు 26న పొద్దున ఆరున్నరకి మంచం ఊగింది. నేను ఏడు నెలల కడుపుతో ఉన్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని జంగ్లీఘాట్ నుంచి పైకి ఎక్కించారు. వెనక్కి తిరిగి చూస్తే మా సందులోకి నీళ్లు, నీళ్లలో పడవ. మా ఇంట్లో మోకాలి లోతు వచ్చి పోయింది, అంతటితో బయటపడ్డాం. సిప్పీఘాట్ దగ్గర పొలాలకు ఆ అదృష్టం లేదు. భూకంపానికి నేల కుంగి, పంట పండిన పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి అలాగే ఉండిపోయింది. మీరు విమానాశ్రయం నుంచి వండూర్ వైపు వెళ్తే ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ దీవులన్నీ భూకంపాల ముప్పు చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. రెండు దీవుల్లో ఎక్కడైనా సరే, సముద్రం గుమ్మంలోకి కనిపించే ఇల్లు వద్దు. కొంచెం ఎక్కితే కనిపించే ఇల్లు తీసుకోండి.

గారచర్మ, బతుబస్తీ, డాలీగంజ్ వైపు చూడండి. ఊరి రద్దీ తక్కువ, ఆసుపత్రికి ఆటోలో వెళ్లొచ్చు. సెలవు రోజున కార్బిన్స్ కోవ్‌కో, చిడియాటాపూకో పాపని తీసుకెళ్లొచ్చు. చిడియాటాపూలో పొద్దుగుంకడం రాధానగర్‌కి ఏమాత్రం తీసిపోదు, నా మాట నమ్మండి.

పాప గురించి ఇంకొక్కటి. ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. మేం హావ్‌లాక్‌లో ఉన్నప్పుడే, 2010లో, రాధానగర్ పక్కన నీల్స్ కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపేసింది. మడ అడవులున్న కయ్యల దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వకండి, హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో కాలు పెట్టనివ్వకండి. ఇది ఏ దీవిలోనైనా ఒకటే.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు, బియ్యం ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కి వస్తాయి, అక్కడి నుంచి బోటులో హావ్‌లాక్‌కి. ఓడ ఆలస్యమైతే ఇక్కడ ధర పెరుగుతుంది, బోటు కూడా ఆగితే అక్కడ సరుకే ఉండదు. చేపలు, కొబ్బరికాయలు, అరటిపళ్లు రెండు చోట్లా దండిగా దొరుకుతాయి. ప్రైవేటు బోటు టికెట్ మనిషికి వెయ్యి దాటుతుంది. ప్రభుత్వ బోటు చాలా చవక, కానీ సీజన్లో సీటు దొరకడం కష్టం. స్థానికులకు ఐలాండర్ కార్డు మీద తక్కువ ధర, అది మీకు వెంటనే రాదు. హావ్‌లాక్‌లో ఉంటూ పళ్లు పీకించుకోవాలన్నా, ల్యాప్‌టాప్ బాగు చేయించుకోవాలన్నా ఇంత ఖర్చూ, ఒక రాత్రి బసా లెక్కేసుకోవాలి.

మీరు చూసిన ఇంటి గురించి ఒక హెచ్చరిక. మే నెలలో హావ్‌లాక్‌లో ఇళ్లు తేలిగ్గా దొరుకుతాయి, పర్యాటకులు తగ్గిపోతారు కాబట్టి. మాకు కూడా అలాగే దొరికింది. అక్టోబరు చివర్లో ఇంటి యజమాని వచ్చి, గదులు టూరిస్టులకు ఇచ్చుకుంటాను, పది రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. చేతిలో కాగితం లేదు. పొయ్యీ, గిన్నెలూ, పసిపిల్లాడూ, అత్తగారూ, అందరం ఒక బెంగాలీ కుటుంబం పాకలో నెల రోజులు తలదాచుకున్నాం. కాబట్టి ఏడాదికి తక్కువ కాకుండా స్టాంపు పేపరు మీద రాయించుకోకుండా రూపాయి ఇవ్వకండి. స్థలం కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. ఇక్కడ సెటిల్మెంట్ కింద ఇచ్చిన భూమి వేరు, ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్నది వేరు, చూడ్డానికి రెండూ ఒకేలా కొబ్బరితోటలే. తహసీల్దార్ ఆఫీసులో రికార్డు చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

ఇక చెమ్మ. రెండు దీవుల్లోనూ ఉంటుంది, హావ్‌లాక్‌లో సముద్రం దగ్గరైన కొద్దీ ఇంకా ఎక్కువ. పట్టుచీరలకు తెల్లటి బూజు, చెప్పులకు పచ్చ బూజు, కుట్టుమిషనుకి తుప్పు. బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచుతాం, ఆ వేడికి బట్టలు నిలుస్తాయి. మీ కంప్యూటరు ఉండే గదికి ఏసీ పెట్టించుకోండి. ఆవకాయ పెట్టాలనుకుంటే ఏప్రిల్‌లోనే పెట్టేయాలి, మే సగం దాటితే ముక్క ఆరదు. నేను మొదటి ఏడాది టెక్కలి లెక్కన మే చివర్లో పెట్టి జాడీ మొత్తం పారబోశాను.

ఇదంతా చదివి హావ్‌లాక్ అంటే నాకు ఇష్టం లేదనుకోకండి. వానాకాలంలో పర్యాటకులు వెళ్లిపోయాక ఆ దీవి మాదే అన్నట్టుండేది. మహువా చెట్ల కింద రాధానగర్‌లో నడుస్తుంటే కనుచూపు మేరలో మనిషి ఉండేవాడు కాదు. కాళీపూజ రాత్రి ఊరంతా ఒక్క ఇల్లయ్యేది. మాకు ఇల్లు పోయిన నెల అన్నం పెట్టిన ఆ కుటుంబాన్ని నేను జన్మలో మరవను, ఇప్పటికీ ప్రతి దుర్గాపూజకీ వెళ్తాం. డైవింగ్ నేర్పేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, పిల్లాజెల్లా లేని జంటలు, ఆరోగ్యం బాగుండి ఆరు నెలలు సంపాదించి ఆరు నెలలు నెమ్మదిగా బతకగలిగినవాళ్లు, వీళ్లు నన్ను అడిగితే హావ్‌లాక్ వెళ్లమనే చెప్తాను. మీకు కూడా పదేళ్ల తర్వాత అదే చెప్తానేమో. ఇప్పుడు మాత్రం మీ ఇంట్లో పెద్దావిడా, చిన్నపిల్లా ఉన్నారు.

నేను చెప్పేది ఇది. మే అడ్వాన్స్ ఆపండి. అమ్మగారినీ పాపనీ హైదరాబాద్‌లోనే ఎవరి దగ్గరైనా ఉంచి, మీరూ మీ ఆవిడా జూలైలో ఒక నెల రండి. పదిహేను రోజులు హావ్‌లాక్‌లో, పదిహేను రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో. రిసార్టులో కాదు, వంటిల్లు ఉన్న గదిలో ఉండండి, మీరే కూరగాయలు తెచ్చుకుని వండుకోండి, రోజూ ఆఫీసు పని చేయండి. బోటు రద్దయిన రోజున జెట్టీ దగ్గరికి వెళ్లి నిలబడి, అక్కడ ఎదురుచూస్తున్న వాళ్లతో మాట్లాడండి. ఆ తర్వాత కూడా ఇద్దరికీ హావ్‌లాకే కావాలనిపిస్తే, నాకు రాయండి, ఇల్లు చూడడానికి మా వాళ్లకు నేనే చెప్తాను.

వచ్చేటప్పుడు ఇద్దరికీ మంచి రెయిన్‌కోట్లు కొనుక్కోండి, ఈ గాలికి గొడుగు నిలవదు. చింతపండు, ఆవపిండి ఒక కిలో చొప్పున తెచ్చుకోండి. మెడికల్ షాపుల్లో అమ్మగారు వాడే మందులన్నిటి పేర్లూ చూపించి, ఏవి ఎప్పుడూ దొరుకుతాయో, ఏవి ఓడ వస్తేనే దొరుకుతాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి. హావ్‌లాక్‌లో ఒకసారి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒకసారి అడగండి.